కందకంలో పుట్టిన మాటలు

తనకు గాయం తగలాలని దేవుణ్ణి వేడుకునే మనిషి ఉంటాడా? ఉన్నాడు. ఒకడు కాదు, ఎందరో! మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియం నేలల్లో కందకాలు తవ్వుకుని కాలం గడిపిన ఇంగ్లీషు సిపాయిల మాట ఇది.

1914 చివరికి ఆ కందకాల వరస స్విట్జర్లండు సరిహద్దు నుంచి ఉత్తర సముద్రం దాకా, దాదాపు 700 కిలోమీటర్లు సాగింది. ఇవతల వీరు, అవతల జర్మనులు. నడుమ ముళ్ల తీగెలు, ఎవరికీ చెందని నేల.

తెల్లవారక ముందే సిపాయిలందరూ తుపాకులకు బాయినెట్లు తగిలించి సిద్ధంగా నిలబడాలి. శత్రువు సాధారణంగా మీద పడేది ఆ వేళనే. దీనిని 'స్టాండ్ టు' అనేవారు. పొద్దుగూకే వేళ మళ్లీ ఇదే తంతు. తిండికి డబ్బా మాంసం, రాయిలాంటి బిస్కత్తు, తేనీరు. పగలు కాస్త కునుకు, చొక్కా కుట్లలో దాగిన పేలను కొవ్వొత్తి మంటతో కాల్చడం. రాత్రి పడితే తెగిన తీగెలు బాగుచేయడం, కూలిన గోడలు ఎత్తడం.

వాన కురిస్తే మోకాటి లోతు బురద. రోజుల తరబడి తడిలో నాని పాదాలు చచ్చుబడి కుళ్లిపోయేవి. అందుకని తిమింగిలపు నూనె పంచిపెట్టి, ఇద్దరిద్దరు చొప్పున ఒకరి కాళ్లు ఒకరు రుద్దుకోవాలని నియమం పెట్టారు.

ఇటువంటి బ్రతుకులో భయాన్ని మింగుకోవడానికి వారికి దొరికిన ఉపాయం హాస్యం. నల్లని పొగ చిమ్ముతూ పేలే పెద్ద గుండుకు, అమెరికా నల్లజాతి ముష్టియుద్ధ వీరుడు 'జాక్ జాన్సన్' పేరు పెట్టారు. నోరు తిరగని 'ఈప్ర్' పట్టణాన్ని 'వైపర్స్' చేశారు. ఫ్రెంచి దుకాణాల్లో "ఇక లేదు" అనే మాట విని 'నాపూ' అని పలికారు. రొట్టె అయిపోయినా నాపూ. మనిషి అయిపోయినా నాపూ!

మన దేశంలో కొలువుచేసి వెళ్లిన పాత సిపాయిలు మన మాటలూ కొన్ని పట్టుకుపోయారు. 'దేఖో' అక్కడ 'డెకో' అయింది. చూపు అని దాని అర్థం. 'ఖుషీ' కాస్తా 'కుషీ' అయి, సుఖమైన పనికి పేరైంది. మనవారు ఇంగ్లండును 'విలాయతి' అంటే, దానిని వారు 'బ్లైటీ' చేసుకున్నారు. బ్లైటీ అంటే ఇల్లు, అమ్మ, ఆలుబిడ్డలు. ప్రాణం పోకుండా, ఇంటికి పంపేటంత గట్టిగా తగిలే గాయానికి కూడా 'బ్లైటీ' అనే పేరు. సిపాయి దేవుణ్ణి కోరుకున్నది ఆ గాయాన్నే!

మరి ఆ మాటను ఇచ్చిన మనవారి సంగతి?

లాహోరు, మీరట్ డివిజన్ల భారత సిపాయిలు 1914 శరత్కాలంలో మార్సేల్సు రేవులో దిగి, అక్టోబరు నాటికే కందకాలు చేరారు. గాయపడినవారిలో అనేకులను ఇంగ్లండుకు తీసుకుపోయారు. బ్రైటన్‌లోని రాజభవనమే వారికి ఆసుపత్రి అయింది. ఇంగ్లీషువాడు కలలుగన్న విలాయతిలోనే మనవాడు పట్టుపరుపుల వంటి వసతిలో పడుకున్నాడు. కాని అది అతని ఇల్లు కాదు. గాయం మాని, పనికివస్తాడని తేలిన సిపాయిని తిరిగి కందకానికే పంపేవారు. ఆ కష్టం ఇంటికి వ్రాద్దామంటే ఉత్తరాలన్నీ అధికారులు విప్పి చదివేవారు.

అందుకని మనవారూ ఒక భాష కల్పించుకున్నారు. 'నల్ల మిరియాలు' అంటే భారత సిపాయిలు. 'ఎర్ర మిరప' అంటే తెల్లవారు. మిరియాలు అయిపోవచ్చాయని వ్రాస్తే, ఇక్కడ మనవారు నేలకూలుతున్నారు, ఇంకెవరినీ పంపకండి అని ఊరికి హెచ్చరిక. కొన్నాళ్లకు అధికారులు ఆ గుట్టూ పసిగట్టారు.

1915 చివర భారత పదాతిదళాలు ఫ్రాన్సు విడిచాయి. 1927లో న్యూవ్ షాపెల్ గ్రామం దగ్గర వారికి స్మారకం వెలిసింది. సమాధి అయినా దక్కని 4,700 మందికి పైగా పేర్లు అక్కడ రాతి మీద ఉన్నాయి.

వంటింటి పోపులపెట్టెలో మిరియాలు చూసినప్పుడు, ఆ ఉత్తరం అందుకున్న తల్లి ఒక్కసారి మనకు గుర్తు రావద్దూ?