డీటీపీ ఫైళ్లలో చిక్కుకున్న తెలుగు

ఆదోనిలో పెళ్లి పత్రిక వేయించినా, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు కరపత్రం కొట్టించినా పని మొదలయ్యేది డీటీపీ షాపులోనే. అక్కడ కంప్యూటర్ తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. అదే మేటర్‌ను ఆపరేటరు ఫైలుగా పంపిస్తే, ఇంటి దగ్గర తెరిచినవాళ్లకు ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. "మీ సిస్టంలో ఫాంటు లేదు, ఫాంటు వేసుకోండి" అని సలహా వస్తుంది. ఏళ్ల తరబడి మన ఊళ్లలో ఈ మందే నడుస్తోంది. ఫాంటు వేయగానే తెలుగు ప్రత్యక్షమవుతుంది కాబట్టి జబ్బు నయమైందనే అనుకుంటాం. కానీ ఆ ఫైల్లో దాగి ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తుల వరుస. దానికి తెలుగు ముసుగు వేయడమే ఆ ఫాంటు చేసే పని. ఈ సంగతి గ్రహించనంత కాలం మన రాతలు మన చేతిలో ఉండవని నా వాదన.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అంకెకు ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉండాలి. డీటీపీ మన పట్టణాలకు వచ్చిన రోజుల్లో ఒక ఫాంటులో 256 గళ్లే ఉండేవి. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిస్తే తెలుగు రూపాలు అంతకు చాలా రెట్లు. అందుకని ఫాంట్లు చేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. ఆ గళ్లన్నీ ఇంగ్లీషు అక్షరాలవీ, గుర్తులవీ. అను ఫాంట్ల వాళ్లు ఒక రకంగా సర్దారు, పుణెకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వాళ్ల శ్రీలిపి మరో రకంగా సర్దింది. అను ఫాంటులో కొట్టిన మేటర్‌కు శ్రీలిపి ఫాంటు తగిలిస్తే తెలుగు ముక్కలే వస్తాయి గానీ మాట రాదు. ఇందులో ఆ కంపెనీలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఆనాడు ఉన్న గళ్లలోనే వాళ్లు తెలుగు అచ్చును నిలబెట్టారు. ఆ అవసరం తీరిపోయిన తర్వాత కూడా మనం అక్కడే ఉండిపోవడమే ఇబ్బంది.

లోకంలోని లిపులకు ఒకే అంకెల ఒప్పందంగా వచ్చిన యూనికోడ్ ఈ అవసరాన్ని తీర్చింది. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మన ప్రభుత్వ ప్రమాణమైన ఇస్కీ 1988 నాటి అమరికనే అది తెలుగుకు ఆధారంగా తీసుకుంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు అంకెలు కేటాయించారు. ప్రపంచంలో ఎవరి యంత్రంలోనైనా 3093 అంటే 'క', 3118 అంటే 'మ'. ఎమ్మిగనూరు పేరులోని 'మ్మి'నే తీసుకోండి. అందులో నాలుగు అంకెలుంటాయి: 3118, 3149, 3118, 3135. అంటే మ, పొల్లు, మ, గుడి. విండోస్‌లో ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద సి, డి, సి, ఎఫ్ మీటలు వరుసగా నొక్కితే ఇదే వస్తుంది. బడిలో పిల్లవాడు గుణింతం చెప్పే వరుస కూడా ఇదే. ఒత్తు కిందికి వెళ్లడం, గుడి పైకెక్కడం రాసేవాళ్లు చూసుకోవలసిన పని కాదు, యంత్రం చూసుకుంటుంది. ఇంకో విశేషం ఏమిటంటే, తెలుగు గళ్లు ముగియగానే 3200 నుంచి కన్నడ గళ్లు మొదలవుతాయి. తెలుగు 'క'కు సరిగ్గా 128 కలిపితే కన్నడ 'క' వస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు ప్రాంతాల వాళ్లకు ఈ ఇరుగుపొరుగు కొత్తేమీ కాదు.

అంకె సరిగా ఉన్నా తెర మీద బొమ్మ సరిగా రావాలంటే ఇంకా రెండు కావాలి. తెలుగు రూపాలున్న ఫాంటు ఒకటి, ఒత్తులనూ గుణింతాలనూ కూర్చే ప్రోగ్రాం ఒకటి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో పాటు ఆ కూర్పునూ తెచ్చింది. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరిన మెసేజ్ అందితే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. కాబట్టి తెలుగు చెడిపోయి కనిపించినప్పుడు ఎలా చెడిందో చూస్తే కారణం తెలిసిపోతుంది. ఖాళీ డబ్బాలు కనిపిస్తే నిజంగానే ఫాంటు లేదు. ఒత్తు కిందికి పోకుండా పొల్లు విడిగా నిలబడితే కూర్పు జరగడం లేదు. పేర్ల జాబితాను ఎక్సెల్‌లో తెరిచినప్పుడు ఇంగ్లీషు చిన్న 'ఎ' మీద వాలుగీత, పక్కన డిగ్రీల సున్నా, ఈ జంటే పదేపదే వస్తుంటే గాభరా పడనక్కర్లేదు. లోపల ఉన్నది శుద్ధమైన యూనికోడ్ తెలుగే. ఫైలు తెరిచేటప్పుడు, యూనికోడ్ అంకెలను దాచే పద్ధతి అయిన యూటీఎఫ్-8ను ఎంచుకుంటే చాలు. ఇంగ్లీషు అక్షరాల గందరగోళం ఒక్కటే వేరే జాతి. అక్కడ యంత్రానికి తెలుగు అన్న సంగతే తెలియదు.

జపాన్ వాళ్లూ ఇలాంటి బాధే పడ్డారు. వేల కంజి అక్షరాలకు 1978లోనే జాతీయ ప్రమాణం చేసుకున్నా, దాన్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతులు రెండు మూడు పుట్టి, ఒకరి ఫైలు మరొకరి దగ్గర పిచ్చిగీతలయ్యేది. వాళ్లు దానికి మోజిబాకె అని పేరు కూడా పెట్టుకున్నారు. అయితే వాళ్ల పట్టికలన్నీ బహిరంగం. బ్రౌజర్ మెనూలో పద్ధతి మార్చగానే రాత తిరిగి వచ్చేది. మన దగ్గర ప్రతి ఫాంటుకూ సొంత పట్టిక, అదీ కంపెనీ గుట్టు. పట్టిక తెలిస్తే ఎంత పాత రాతనైనా చదవొచ్చు. పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండల మీది అశోకుడి శాసనాలు 1929లో బయటపడ్డాయి. వాటిలో ఒక శాసనంలో కొన్ని వరుసలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అయినా పండితులు చదవగలిగారు. ఆ శాసనాల్లోని బ్రాహ్మీ అక్షరాల గుట్టును ప్రిన్సెప్ అనే పండితుడు అవి బయటపడడానికి తొంభై ఏళ్ల ముందే విప్పి లోకం ముందు పెట్టాడు కదా. రెండు వేల రెండు వందల ఏళ్ల నాటి రాతి మీది మాటను చదవగలుగుతున్న ప్రాంతంలో, పాతికేళ్ల నాటి ఫైలు తెరవడానికి ఫలానా ఫాంటు, ఫలానా వెర్షన్ వెతుక్కోవాల్సి రావడం నాకు నిజంగా కష్టంగా ఉంటుంది.

డీటీపీ వాళ్ల అభ్యంతరాలను తేలిగ్గా తీసిపారేయలేం. మా పని కాగితం మీదికి అక్షరం ఎక్కించడం, లోపల ఏ అంకె ఉంటే ఏం అంటారు. కాగితం వరకే అయితే ఆ మాట సబబే. కానీ ఇప్పుడు ఏ మేటరూ కాగితంతో ఆగడం లేదు, పీడీఎఫ్‌గా ఫోన్లలో తిరుగుతోంది. ఆ పీడీఎఫ్‌లో 'ఆదోని' అని వెతికితే ఒక్కటీ దొరకదు. చూపులేని విద్యార్థి కంప్యూటర్ చేత చదివించుకుందామంటే అర్థం లేని ఇంగ్లీషు ముక్కలు వినిపిస్తాయి. ఊరి చరిత్ర మీదో గుడి మీదో ఎవరో కష్టపడి రాసిన పుస్తకం చూపున్నవాళ్లకే మిగులుతుంది. అందరికీ వినిపించాల్సిన పుస్తకాన్ని ఒక ఫాంటు కోసం చూపులేనివాళ్లకు దూరం చేయడం అన్యాయం.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్నది మరో మాట. ఒకప్పుడు నిజం. దేశికాచార్యుల పోతన, వేమన తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఉండేవి కావు. 2012 ప్రాంతం నుంచి సిలికానాంధ్ర ద్వారా మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, ధూర్జటి వంటివి ఉచితంగా వచ్చాయి. శీర్షికలకు పనికొచ్చే రకాలు ఇప్పటికీ అను ఫాంట్లలోనే ఎక్కువన్నది ఒప్పుకోవాలి. అలాంటప్పుడు పోస్టరు మీది నాలుగు పెద్ద అక్షరాలకు పాత ఫాంటు వాడుకుని, చదవాల్సిన మేటరంతా యూనికోడ్‌లో పెట్టుకోవచ్చు. అసలు అడ్డంకి షాపుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం. 2001లో వచ్చిన 7.0తోనే దాని ఎదుగుదల ఆగిపోయింది. యూనికోడ్ తెలుగు తెచ్చి అతికిస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఇన్‌డిజైన్ మాత్రం 2012 నాటి సీఎస్6 నుంచి మన లిపులను కూర్చగలుగుతోంది. అయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఇది తెలియక ఒత్తులు విరిగాయని వదిలేసినవాళ్లుంటారు. డబ్బు పెట్టలేని షాపుకు స్క్రైబస్, లిబ్రేఆఫీస్ ఉచితంగా ఉన్నాయి. ఇక చేతి అలవాటు. ఇరవై ఏళ్లుగా అను ఫాంట్లలో ఆపిల్ అని పిలిచే కీబోర్డు అమరిక మీద పరుగెత్తిన వేళ్లను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనడం కూలిని సగం చేయడమే. ఆపిల్ అమరికలోనే యూనికోడ్ కొట్టే ఏర్పాట్లు ఉన్నాయి కాబట్టి ఆ శిక్ష అక్కర్లేదు.

పాత ఫాంటు మేటర్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి కదా, కావలసినప్పుడు మార్చుకుందాం అనేవాళ్లూ ఉన్నారు. పాత ఫైళ్లకు అవే దిక్కు, కానీ రోజువారీ పనికి వాటిని నమ్ముకోకూడదు. కన్వర్టరుకు తెలుగు కోసం వేసిన ఇంగ్లీషు గుర్తుకూ, నిజంగా ఇంగ్లీషులో ఉన్న మాటకూ తేడా తెలియదు. ఫోన్ నంబరు పక్కనున్న ఇంగ్లీషు పేరు తెలుగు పిచ్చిమాట అయిపోతుంది. ఒత్తులు తారుమారైన చోట మనిషి కూర్చుని దిద్దాల్సిందే. ఆదోనిలో కన్నడ, ఉర్దూ పనులూ చేసే షాపులకు ఈ బరువు ఇంకా ఎక్కువ. నుడి, బరహ పాత ఫాంట్లలోని కన్నడకూ, ఇన్‌పేజ్ పాత ఫైళ్లలోని ఉర్దూకూ విడివిడిగా కన్వర్టర్లు వెతుక్కోవాలి.

అందుకే ఈ పని ఇప్పుడే మొదలవ్వాలి. పేజ్‌మేకర్ నడిచే పాత కంప్యూటర్లు ఇంకా షాపుల్లో ఉన్నాయి, ఏ ఫైలు ఏ ఫాంటులో కొట్టిందో చెప్పగల ఆపరేటర్లూ ఉన్నారు. మొదట పుస్తకాలు, సంఘాల నివేదికలు, స్థానిక చరిత్రల ఫైళ్లు తీయాలి. పెళ్లి పత్రికలు ఆగినా ఫర్వాలేదు. మార్చిన ప్రతినీ పాత ప్రింటునూ పక్కపక్కన పెట్టుకుని ఊరి పేర్లు, ఇంటిపేర్లు, అంకెలు ముందుగా సరిచూడాలి. తప్పు పడితే వెతుకులాటలో దొరకనివి అవే. కొత్తగా మేటర్ ఇచ్చేవాళ్లు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైలు కూడా ఇమ్మని బిల్లు కట్టేముందే అడగాలి. ఫైలు వచ్చాక అందులో తమ ఊరి పేరు టైపు చేసి వెతికి చూసుకోవాలి.