యోగాలో రకాలు – మీ ఒంటికి ఏది తగినది?

"డాక్టరు గారూ, యోగా చేయమంటున్నారు. ఏ యోగా చేయాలి?" చాలామందికి వచ్చే సందేహమిది. 2015 నుండి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతోంది. టి.వి.లో ఒకరు మెల్లగా చేయిస్తారు, మరొకరు చెమటలు పట్టిస్తారు. రెండింటినీ యోగా అనే అంటారు. బి.పి., షుగర్, నడుము నొప్పి ఉన్నవారు మాత్రం ఈ తేడా తెలుసుకోవాలి.

ముఖ్యమైన పద్ధతులు

హఠయోగం: ఆసనాలు, శ్వాస అభ్యాసం కలిసిన పాత పద్ధతి. నేటి పద్ధతులు చాలావరకు దీని నుండి వచ్చినవే. మన ఊళ్లలో నేర్పేది ఎక్కువగా ఇదే. నిదానంగా సాగుతుంది కనుక కొత్తవారికి అనువైనది.

మైసూరులో బోధించిన తిరుమలై కృష్ణమాచార్య (1888–1989) శిష్యుల నుండి మూడు దారులు వచ్చాయి.

అయ్యంగార్ యోగా: బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) చిన్నతనంలో క్షయ, మలేరియా, టైఫాయిడ్‌లతో బాధపడ్డారు. ఆయన పద్ధతిలో భంగిమ సరిగా ఉండడం ముఖ్యం. వంగలేనివారికి కుర్చీ, బెల్టు, చెక్క దిమ్మె, దుప్పటి ఆసరాగా ఇస్తారు.

అష్టాంగ విన్యాస: పట్టాభి జోయిస్ (1915–2009) ప్రచారం చేసినది. ఒక ఆసనం నుండి మరొకదానికి ఆగకుండా, శ్వాసతో కలిపి వెళ్లాలి. మంచి కసరత్తు, ఆరోగ్యంగా ఉన్న యువతకు తగినది.

దేశికాచార్ పద్ధతి: కృష్ణమాచార్య కుమారుడు దేశికాచార్ మనిషి వయసును, జబ్బును బట్టి ఆసనాలను మార్చి నేర్పారు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి అయ్యంగార్ దగ్గర, ఈయన దగ్గర కూడా అభ్యసించారు.

యోగనిద్ర: వెల్లకిలా పడుకొని, చెప్పే మాట వింటూ శరీరాన్ని వదులు చేసుకోవడం. బీహార్ యోగ విద్యాలయం దీనికి ప్రచారం తెచ్చింది.

హాట్ యోగా: సుమారు 40 డిగ్రీల వేడి గదిలో చేస్తారు. మే నెలలో మనకు ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది! గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు.

పొలం పని చేసేవారికి యోగా ఎందుకు?

పత్తి ఏరేవారు, మిరప తోటల్లో కోతకు వెళ్లేవారు, భూపాలపల్లి సింగరేణి గనుల కార్మికులు "రోజంతా వంగుతూనే ఉన్నాం కదా" అనవచ్చు. కాని ఒకే వైపు గంటల కొద్దీ వంగితే నడుము అలసిపోతుంది. మెల్లగా వెనక్కి సాగడం, పక్కలకు తిరగడం, పూర్తి విశ్రాంతి దానికి కావాలి. దీర్ఘకాల నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను అమెరికా వైద్యుల సంఘం 2017లో చేర్చింది. నొప్పి కాలిలోకి పాకినా, తిమ్మిరి ఉన్నా ముందు పరీక్ష చేయించుకోండి.

ఎవరు జాగ్రత్త పడాలి?

• అధిక బి.పి., గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు, ఇటీవల ఆపరేషన్ అయినవారు కపాలభాతి, భస్త్రిక చేయరాదు.
• గ్లకోమా ఉన్నవారు శీర్షాసనం వేయరాదు. తల కిందికి ఉంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.
• ఎముకలు గుల్లబారినవారు ముందుకు బలంగా వంగరాదు.
• ఇన్సులిన్ లేదా షుగర్ మాత్ర వేసుకొని ఖాళీ కడుపుతో చేయరాదు. దగ్గర చక్కెర ఉంచుకోండి.
• భోజనం చేసిన వెంటనే చేయరాదు. రెండు మూడు గంటలు ఆగాలి.

కొన్ని తరగతుల్లో మంత్రాలు, శ్లోకాలు చదివిస్తారు. అవి లేకున్నా కండరాలకు, కీళ్లకు అందే మేలు తగ్గదు. ఇష్టం లేనివారు నేర్పేవారికి ముందే చెప్పవచ్చు.

యోగా మందులకు తోడు మాత్రమే. మేలుగా ఉందని బి.పి., షుగర్ మాత్రలు మీ అంతట మీరే ఆపితే పక్షవాతం వంటి ప్రమాదం రావచ్చు. నెమ్మదైన యోగా నడకకు బదులు కూడా కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవండి. తరగతిలో చేరే ముందు మీ జబ్బులను, వాడుతున్న మందులను నేర్పేవారికి చెప్పండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి రండి.