రాజేశం అను పేరు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఏ వీథిలోనైన నిలిచి “రాజేశం!” అని పిలిచినచో ఇద్దఱు ముగ్గురు పలుకుదురు. ఇంతగా వాడుకలోనున్న యీ పేరునకు అర్థమేమి? ఇది యెక్కడనుండి వచ్చినది? నేటి ప్రసంగమున విచారింతము.

రాజ, ఈశ అను రెండు సంస్కృత శబ్దములు గుణసంధిచే కలియగా రాజేశ శబ్ద మేర్పడినది. రాజులకు ప్రభువని యొక యర్థము. రాజ శబ్దమునకు చంద్రుడను అర్థము అమరకోశమున కలదు. కావున చంద్రునకు ప్రభువైన శివుడనియు చెప్పవచ్చును.

అయితే ఈ సీమవారు నిఘంటువు చూచి పేరు పెట్టుకొనలేదు. వేములవాడ రాజరాజేశ్వరస్వామిని వారు రాజన్న యందురు. సంతానము కోరి కోడె మ్రొక్కు మ్రొక్కుదురు. కోడెను గుడిచుట్టు త్రిప్పి కట్టుదురు. పుట్టిన బిడ్డకు స్వామి పేరే. రాజయ్య, రాజలింగం, రాజమల్లు, రాజేశం; ఆడుబిడ్డయైన రాజవ్వ. కొండగట్టు అంజన్న పేర అంజయ్యలు, ధర్మపురి నరసింహుని పేర నర్సయ్యలు ఇట్టివారే. 2016లో క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు దానికిని ‘రాజన్న సిరిసిల్ల’ యనియే పేరిడిరి.

ఇక వ్యాకరణము. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ననుసరించి పురుషుని తెలుపు ఇట్టి శబ్దము ‘రాముడు’ వలె ‘డు’తో ముగియవలెను, ‘ము’ అనునది వనము, ఫలము వంటి వానికి. ఆ లెక్కను రాజేశుడు కావలెను గాని రాజేశం కారాదు.

నలుబది యేండ్ల క్రిందట, క్రొత్తగా ఉపాధ్యాయుడనైన దినములలో, ఒక నేతకార్మికుడు కొడుకును బడికి తెచ్చి పేరు రాజేశం అనెను. నేను పట్టికలో ‘రాజేశ్వరరావు’ అని వ్రాసితిని. పిల్లవాడు పెద్దవాడైన పిమ్మట బడి పత్రమున నొక పేరు, ఇంటి పత్రములలో నొక పేరు. ఉద్యోగమునకై తిరుగునప్పుడు చాల యిడుములు పడెను. ఆ తండ్రి నాయొద్దకు వచ్చి, “సారూ, కోడె గట్టి మొక్కినంక పుట్టిండు వీడు. గా పేరు నేను పెట్టింది గాదు, రాజన్న ఇచ్చింది. మీరెట్ల మారిస్తిరి?” అనెను.

నాకు మాట రాలేదు. సుబ్రహ్మణ్యం, రామానుజం అని పండితుల యిండ్లలో పెట్టుకొన్న పేర్లను నేనెన్నడును దిద్దియుండలేదు. నేతగాని కొడుకు పేరునే దిద్దితిని. అందు వ్యాకరణముకంటె గర్వమే యెక్కువ.

కొరియా దేశమున ఒకే ధ్వనిగల పేరును వేఱువేఱు చీనా యక్షరములతో వ్రాయుదురు. అక్షరము మాఱినచో అర్థము మాఱును. కనుక పేరు విన్నంతనే అర్థము చెప్పరాదు, ఇంటివారి నడుగవలెను. రాజేశం విషయమునను ఇంతే. శబ్దార్థము కోశమున దొరకును. పేరు పెట్టిన కారణము ఇంటివారికే తెలియును.

బడి పట్టికలు వ్రాయు సోదరులారా! కలము కదలించుటకు ముందు ఆ తండ్రి నోట ఆ పేరు మఱియొకసారి వినుడు. విన్నది విన్నట్లు వ్రాయుడు.