రెండు పార్టీలూ ఒకటేనని బెంగపడ్డ అమెరికా

1986లో ఆంటొనిన్ స్కాలియాను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించే ప్రతిపాదన అమెరికా సెనేట్ ముందుకు వచ్చింది. ఆయన కరడుగట్టిన సంప్రదాయవాది అని అందరికీ తెలుసు. అయినా 98 మంది ఔనన్నారు, కాదన్నవారు ఒక్కరూ లేరు. 1993లో ఉదారవాది రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌కు 96 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా పడ్డవి మూడే. 2018లో బ్రెట్ కెవనా దగ్గరికొచ్చేసరికి లెక్క 50–48. సభ అదే, రాజ్యాంగమూ అదే.

మధ్యలో ఏం జరిగిందంటే చాలామంది ఠక్కున ట్రంప్ పేరు చెబుతారు. పుస్తకాలు మాత్రం కథను చాలా వెనక నుంచి మొదలుపెడతాయి. 1950లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్తల సంఘం ఒక నివేదిక ఇచ్చింది. అందులోని ఫిర్యాదు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది: రెండు పార్టీల మధ్య తేడా చాలడం లేదట, ఓటరు దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాడట!

అప్పట్లో పార్టీలు నిజంగానే కలగాపులగం. లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ల మీద అంతర్యుద్ధం నాటి కోపంతో దక్షిణాది తెల్లవారు డెమొక్రాట్లుగా ఉండిపోయారు. ఉత్తరాదిలో ఉదారవాద రిపబ్లికన్లు ఉండేవారు. 1964 పౌరహక్కుల చట్టం సెనేట్‌లో 73–27తో నెగ్గినప్పుడు, వ్యతిరేకించిన 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే. చట్టం తెచ్చిన అధ్యక్షుడు జాన్సన్‌దీ అదే పార్టీ. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో దక్షిణాది తెల్ల ఓటర్లు మెల్లగా రిపబ్లికన్ల వైపు మళ్లారు. ఎవరి గూటికి వాళ్లు చేరారు.

స్టీవెన్ లెవిట్‌స్కీ, డేనియల్ జిబ్లాట్ 2018లో రాసిన ‘హౌ డెమొక్రసీస్ డై’లో ఒక చేదు నిజం ఉంది. పాతకాలపు ఆ మర్యాద, ఆ సర్దుబాటు దక్షిణాది నల్లజాతివారిని ఓటుకు దూరంగా ఉంచడం మీదే నిలబడ్డాయని వారంటారు. ‘ఆ రోజులే బాగుండేవి’ అని నిట్టూర్చేవారు ఈ ఒక్క పుస్తకమైనా చదవాలి.

ఫ్రాన్సిస్ లీ రాసిన ‘ఇన్‌సెక్యూర్ మెజారిటీస్’ సిద్ధాంతాలను పక్కనపెట్టి సీట్ల లెక్క చూస్తుంది. 1955 నుంచి 1995 దాకా, అంటే 40 ఏళ్లు, ప్రతినిధుల సభ డెమొక్రాట్ల చేతుల్లోనే ఉంది. అధికారం వస్తుందన్న ఆశ లేని రిపబ్లికన్లకు బేరమాడి అందినంత తెచ్చుకోవడమే లాభంగా ఉండేది. 1980 ఎన్నికల్లో సెనేట్ చేతులు మారాక ప్రతి ఎన్నికా నువ్వా నేనా అన్నట్టయింది. ఇక అవతలివాడి బిల్లుకు చేయి కలిపితే మంచిపేరు వాడికే పోతుంది. మన శాసనసభ సమావేశాలు చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

కానీ అక్కడి ప్రభుత్వం మన ప్రభుత్వంలా నడవదు. ఇక్కడ లోక్‌సభలో బడ్జెట్ ఓడిపోతే మంత్రివర్గమే దిగిపోవాలి. అక్కడ అధ్యక్షుడిది నాలుగేళ్ల స్థిరమైన పదవి, ప్రతినిధుల సభకు రెండేళ్లు. ప్రజలు నన్నే ఎన్నుకున్నారని ఇద్దరూ అంటారు, ఇద్దరిదీ నిజమే. ఈ పేచీ తీర్చే సూత్రం అధ్యక్ష వ్యవస్థలో లేదని హువాన్ లింజ్ 1990లోనే ఒక వ్యాసంలో రాశారు. అందుకే నిధుల బిల్లు ఆగితే ప్రభుత్వం పడిపోదు, ఆఫీసులకు తాళాలు పడతాయి. 2018–19 శీతకాలంలో 35 రోజులు అలాగే గడిచాయి. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకు జీతాలు ఆగాయి. 2025లో ఆ రికార్డూ చెరిగి 43 రోజులైంది.

ఇదంతా వాషింగ్టన్ గొడవ. ఊళ్లలో మనుషుల మనసులో ఏముందో తెలియాలంటే ఆర్లీ హోక్‌షీల్డ్ 2016లో రాసిన ‘స్ట్రేంజర్స్ ఇన్ దెయిర్ ఓన్ ల్యాండ్’ తెరవాలి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పాఠాలు చెప్పిన ఈ ఉదారవాద సామాజిక శాస్త్రవేత్త ఐదేళ్లపాటు లూజియానాకు వెళ్లివస్తూ, లేక్ చార్లెస్ చుట్టుపక్కల టీ పార్టీ అనే సంప్రదాయవాద ఉద్యమం అభిమానుల ఇళ్లలో కూర్చుని వాళ్ల మాటలు విన్నారు. పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల వల్ల అక్కడి వాగుల్లో చేపలు తినడానికి పనికిరాకుండా పోయాయి. అయినా ఆ ఫ్యాక్టరీలను అదుపు చేయాల్సిన ప్రభుత్వమంటేనే వాళ్లకు గిట్టదు. ఎందుకు? ఆమె విన్నవన్నీ కలిపి ఒక కథగా అల్లారు. ఎండలో పొడవాటి క్యూ, కొండ అవతల అమెరికన్ స్వప్నం. ఏళ్ల తరబడి ఓపిగ్గా నిలబడినా క్యూ కదలదు. పైగా ఎవరెవరో ముందు దూరుతున్నట్టు కనిపిస్తుంది: నల్లవారు, మహిళలు, వలసదారులు. అధ్యక్షుడే వాళ్లను రమ్మని సైగ చేస్తున్నట్టు అనిపిస్తుంది. ఈ కథను ఆమె తిరిగి వాళ్లకే వినిపిస్తే, అచ్చం మా గుండెల్లో ఉన్నదే చెప్పావన్నారు. అది నిజమా కాదా అన్నది వేరే సంగతి. ఓటు వేయించేది ఆ కథే.

లిలియానా మేసన్ ‘అన్‌సివిల్ అగ్రిమెంట్’ (2018) మరో మెట్టు ఎక్కుతుంది. విధానాల మీద తేడా కొంచెమే ఉన్నా ద్వేషం మాత్రం కొండంత పెరగవచ్చంటారామె. ఒకప్పుడు చర్చి, వృత్తి, ఊరు, పార్టీ వేర్వేరు దారుల్లో సాగేవి. ఇప్పుడు జాతి, మతం, పార్టీ ఒకే గాటన చేరాయి. అమెరికా తెలుగువారిలో ఆ కలయిక ఇంకా బిగుసుకోలేదు: హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ డెమొక్రాట్‌గా మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు, ఉషా చిలుకూరి రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య.

మోరిస్ ఫియొరీనా ఈ వాదనలకు అడ్డుపడతారు. చీలింది నాయకులు, కార్యకర్తలే తప్ప మామూలు జనం కాదన్నది ‘కల్చర్ వార్?’లో ఆయన మాట. రాజకీయాలు పట్టించుకునే జనమూ చీలారని అలన్ అబ్రమోవిట్జ్ బదులిచ్చారు. తగువు తెగలేదు.

ఇంతటి వైరం అమెరికాకు కొత్తేమీ కాదు: జోఆన్ ఫ్రీమన్ ‘ది ఫీల్డ్ ఆఫ్ బ్లడ్’లో ఆ చరిత్రను తవ్వారు. 1830–60 మధ్య కాంగ్రెస్ సభ్యుల నడుమ 70కి పైగా కొట్లాటలు ఆమెకు దొరికాయి. 1856 మే 22న దక్షిణ కరోలినా సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, బానిసత్వాన్ని ఎండగట్టిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను సెనేట్ హాల్లోనే చేతికర్ర విరిగేలా కొట్టాడు. తర్వాత బ్రూక్స్ రాజీనామా చేసి మళ్లీ నిలబడితే నియోజకవర్గం గెలిపించి పంపింది. అభిమానులు కొత్త చేతికర్రలు కానుకగా పంపారు.