కథలోని రాణులు - శాసనములలోని రాణులు

సవతుల మాత్సర్యమును, రాచకన్యల వివాహములను వస్తువుగా గొని పుట్టిన కథలు మన దేశమున పెక్కులు గలవు. వానిలో తెలుగువారి మనస్సున మిక్కిలి నాటుకొన్నది సారంగధరుని కథ. 15వ శతాబ్దమున గౌరన తన నవనాథచరిత్రములో దీనిని ద్విపదగా చెప్పెను. 17వ శతాబ్దమున చేమకూర వేంకటకవి దీనినే ప్రబంధముగా రచించెను. పిమ్మట ఇది నాటకమై ఊరూరను ప్రదర్శింపబడెను. మన విజయనగరమునకును ఈ కథతో సంబంధము గలదు. గురజాడ అప్పారావుగారు విద్యార్థిదశలోనే దీనిని ఆంగ్లకావ్యముగా రచింపగా, అది 1883లో ఇండియన్ లీజర్ అవర్ అను పత్రికలో ప్రకటింపబడెను.

జనులు ఈ కథ రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఇంట జరిగినదని చెప్పుకొందురు. ఆ పట్టణమున సారంగధర మెట్ట అను గుట్టయు కలదు. రాజరాజనరేంద్రుడు కల్పితపురుషుడు కాడు. నన్నయభట్టునిచేత భారతమును తెనిగింపజేసిన ప్రభువు. ఆయన వంశమును గూర్చియు, ఆ ఇంటి రాణులను గూర్చియు తామ్రశాసనములు పలుకుచున్నవి. కథ యేమి చెప్పుచున్నది, శాసనము లేమి చెప్పుచున్నవి అని రెంటిని సరిపోల్చి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఈ విచారణ గోదావరీతీరమున నారంభమై మన వంశధారాతీరమున ముగియును.

మొదట కథను స్మరింతము. రాజునకు రత్నాంగియందు సారంగధరుడను కుమారుడు గలడు. ఆ కుమారునికి పెండ్లి చేయదలచి కన్యల చిత్తరువులను దెప్పింపగా, చిత్రాంగి చిత్తరువును జూచి రాజే మోహపడి ఆమెను తాను వివాహమాడెను. ఒకనాడు రాజు వేటకు బోయియుండగా, సారంగధరుని పావురము ఎగిరి చిత్రాంగి మేడలో వ్రాలెను. దానికై వచ్చిన యువకుని ఆమె వలచెను. అతడు ఆమెను తల్లిగా భావించి తిరస్కరించెను. ఆమె రాజుతో కొండెము చెప్పెను. రాజు విచారింపక కుమారుని కాలుసేతులు నఱికింపుమని యాజ్ఞాపించెను. తరువాత ఒక సిద్ధుని కృపచే సారంగధరుని యవయవములు మరల వచ్చినవి.

ఇట్టి కథ మన దేశమునకే పరిమితమైనది కాదు. అశోకుని కుమారుడగు కుణాలుని కన్నులు సవతితల్లియగు తిష్యరక్షిత కుట్రచే పోయినవని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. గ్రీకుల కథలలో హిప్పొలిటసు అను రాకుమారుడు సవతితల్లి ఫేడ్రా నిందచే మరణించెను. కావున ఇది దేశదేశముల తిరిగి, ఎక్కడ ప్రసిద్ధుడైన రాజు గలడో అక్కడ నిలిచిన కథ యని తలచుట యుక్తము. రాజరాజనరేంద్రుని కాలపు శాసనములలో సారంగధరుడను కుమారుడు కానరాడు; రత్నాంగి, చిత్రాంగి అను రాణులును కానరారు.

మఱి శాసనములలో కానవచ్చువారెవరు? మొదటిది కుందవ. ఆమె తంజావూరి చోళచక్రవర్తి యగు రాజరాజుని కూతురు, రాజేంద్రచోళుని చెల్లెలు. వేంగి రాజ్యమును కోలుపోయి ఆశ్రయము గోరిన చాళుక్య సోదరులు శక్తివర్మ, విమలాదిత్యులకు రాజరాజచోళుడు సేన నిచ్చి తోడ్పడెను. విమలాదిత్యునకు కూతునిచ్చి పెండ్లి చేసెను. వారి కుమారుడే మన రాజరాజనరేంద్రుడు. రెండవది అమ్మంగదేవి. ఆమె రాజేంద్రచోళుని కూతురు, అనగా రాజరాజనరేంద్రునికి మేనమామ కూతురు. ఆమెను ఆయన వివాహమాడెను. వారి కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళసింహాసనమునే అధిష్ఠించి, కులోత్తుంగచోళుడని ప్రసిద్ధి కెక్కెను.

వరుసగా రెండు తరములు చోళుల యాడుబిడ్డలు వేంగికి కోడండ్రయి వచ్చుట యాదృచ్ఛికము కాదు. కృష్ణా గోదావరుల నడిమి వేంగి సారవంతమైన భూమి. దానికి పడమట కల్యాణి చాళుక్యులు, దక్షిణమున చోళులు. వేంగి యెవరి పక్షమున నుండునో వారి బలము హెచ్చును. కోట కట్టి కావలి యుంచిన రీతిని, చోళులు కూతుండ్ర నిచ్చి వేంగిని తమ పక్షమున నిలుపుకొనిరి. ఇప్పటి ప్రభుత్వములు వ్రాతమూలకముగా జేసికొను సంధిని నాటి రాజులు మంగళసూత్రముతో జేసికొనిరి.

ఇక సవతుల విషయము. విమలాదిత్యునకు వేఱొక రాణి గలదు. ఆమె కుమారుడు విజయాదిత్యుడు. రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడయ్యెను గాని, 1031 ప్రాంతమున ఈ విజయాదిత్యుడు వేంగి నాక్రమించెను. ఒక తండ్రికి వేర్వేఱు తల్లులయందు బుట్టినవారిని ద్వైమాతురులందురు. రాజులలో ద్వైమాతురత్వ మనగా ఇద్దఱు తల్లులు మాత్రమే కాదు. రెండు మేనమామల యిండ్లు, రెండు పక్షములు, రెండు సేనలు. రాజరాజనరేంద్రుని పక్షమున చోళులు నిలిచిరి. విజయాదిత్యుని పక్షమున కల్యాణి చాళుక్యులు నిలిచిరి. ఈ పోరులో కలిదిండి యొద్ద ముగ్గురు చోళ సేనానులు మడియగా, వారి స్మృత్యర్థము రాజరాజనరేంద్రుడు శివాలయములు కట్టించెను. 1061లో ఆయన గతించిన పిమ్మట విజయాదిత్యుడు తన కుమారుడగు రెండవ శక్తివర్మను సింహాసనమున గూర్చుండబెట్టెను. ఆ బాలరాజు ఏడాది దాటకుండగనే యుద్ధమున హతుడయ్యెను.

ఈ నలువది యేండ్ల కలహమునకు పావురము కారణము కాదు, ఒక స్త్రీయొక్క చాపల్యమును కారణము కాదు. సింహాసనమునకు ఇద్దఱు వారసులుండుటయు, వారి వెనుక రెండు సామ్రాజ్యములు నిలుచుటయుమే కారణములు. కథ ఈ రాజకీయమును విడిచి ఒక యంతఃపురమును మాత్రమే చూపినది. విన్నవారికి నింద మోపుటకు ఒక చిత్రాంగి దొరకినది. సేనలను నడిపిన చక్రవర్తుల మాట మఱుగుపడినది.

ఈ కలహ మిట్లు సాగి మన ప్రాంతమును గూడ తాకినది. ఆ కాలమున కళింగమును గాంగవంశజులు పాలించుచుండిరి. వారి రాజధాని కళింగనగరము. అదియే వంశధారానది యొడ్డున నున్న నేటి శ్రీముఖలింగమని చరిత్రకారులు నిర్ణయించిరి. వృద్ధుడైన విజయాదిత్యుడు చోళులకు వెఱచి వేంగిని విడువగా, గాంగరాజగు రాజరాజదేవేంద్రవర్మ ఆయనకు ఆశ్రయ మిచ్చెనని గాంగుల తామ్రశాసనము చెప్పుచున్నది. తత్ఫలితముగా చోళులతో యుద్ధము సంభవించెను. శ్రీకాకుళము జిల్లాలోని దీర్ఘాసి యందు 1075 నాటి శాసన మొకటి గలదు. అందు గాంగసేనాని వనపతి తాను చోళ, వేంగి ప్రభువులను గెలిచితినని చెప్పుకొనెను.

యుద్ధము పెండ్లితో ముగిసినది. రాజరాజదేవేంద్రవర్మ ద్రావిడులపై జయలక్ష్మిని చేపట్టి, తరువాత చోళరాజు కూతురగు రాజసుందరిని చేపట్టెనని శాసనము వర్ణించుచున్నది. విజయమును, వధువును ఒకే వాక్యమున చేర్చి చెప్పిన ఈ మాట గమనింపదగినది. వారి కుమారుడు అనంతవర్మ 1078లో పట్టము గట్టుకొనెను. ఆయనకు చోడగంగ యను పేరు గలిగినది. చోడ శబ్దము తల్లి పుట్టినిల్లు. గంగ శబ్దము తండ్రి వంశము. ఒక సంధిపత్రమునే బిడ్డకు నామకరణము చేసిరి! ఈ చోడగంగు సుమారు డెబ్బది సంవత్సరములు పాలించి, తన రాజ్యమును ఉత్కళముదాక విస్తరింపజేసి, పూరీలో జగన్నాథాలయ నిర్మాణమున కారంభము చేసెను.

అయినను పెండ్లి కట్టిన ముడి రాజ్యకాంక్షకు నిలువలేదు. 1110 ప్రాంతమున కులోత్తుంగచోళుడు కరుణాకర తొండమానను సేనానిని కళింగముపైకి పంపెను. ఆ దండయాత్రనే జయంగొండారు కళింగత్తుప్పరణి యను తమిళకావ్యమున కీర్తించెను. అనగా చోళదౌహిత్రునిపైకే చోళసేన దండెత్తి వచ్చినది. అమ్మంగదేవి కుమారుడు పంపిన సేన రాజసుందరి కుమారుని దేశమును కొల్లగొట్టినది. ఇద్దఱు తల్లులును చోళుల యాడుబిడ్డలే. సంధికొఱకై పుట్టినింటిని విడిచి వచ్చిన స్త్రీల త్యాగము ఒక తరము గడచునప్పటికి మఱవబడిన దనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇక్కడ ఇంకొక విశేషము. చోడగంగునకును పలువురు రాణులుండిరి. కస్తూరికామోదిని కుమారుడు కామార్ణవుడు, ఇందిర కుమారుడు రాఘవుడు, చంద్రలేఖ కుమారులు రాజరాజు, అనియంకభీముడు అను నలువురును ఒకరి తరువాత నొకరు కళింగ సింహాసన మెక్కిరి. వేంగిలో ద్వైమాతురుల మధ్య ఖడ్గము నిలిచినది. కళింగమున సింహాసనము సోదరుని చేతినుండి సోదరుని చేతికి దిగినది. సవతుల బిడ్డలైనంతమాత్రాన కలహము తప్పదను నమ్మకము నిజము కాదని దీనివలన తెలియుచున్నది. బయటి రాజ్యములు చెఱి యొక పక్షమున నిలిచి ఆజ్యము పోసిన యింట అగ్ని చెలరేగును.

శ్రీముఖలింగమునకు బోయి మధుకేశ్వరాలయమును చూచిన విద్యార్థులు అచ్చటి శాసనములను గూడ చూడవలెను. రాచవారును, అధికారులును, సామాన్యులును దేవునికి దీపములు నిలిపిన సంగతులు అందు చెక్కబడి యున్నవి. సంకల్పించిన దానమును రాతిపై నిలుపుకొన్న కాలమిది. అట్టి దాత్రులను వట్టి మాత్సర్యమూర్తులుగా మాత్రమే చూపు కథలు సగము సత్యమునే చూపుచున్నవి.

అట్లని చారిత్రక కథలను చదువవలదని నా యభిప్రాయము కాదు. కథ లేనిదే చరిత్ర హృదయమున నాటదు. అయితే చదువునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. కథలోని పేరు శాసనమున గలదా? ఆ రాణి పుట్టిన యింటికి ఆ వివాహమువలన నేమి లాభము కలిగినది? స్త్రీపై మోపిన నింద వెనుక ఎవని తప్పు దాగియున్నది? మూడవ ప్రశ్నను సారంగధరుని కథకే వేసిచూడుడు. కొడుకునకై చూచిన కన్యను తాను పెండ్లాడినవాడు రాజు. విచారణ లేక శిక్ష విధించినవాడును రాజే. చిత్రాంగి దోషి యగుట నిజమే. కాని ఆమె ఎవరిని వరింపదలచెనో అడిగినవారు లేరు. కథ మొదటి యన్యాయము అక్కడనే జరిగినది.

గురజాడవారు సారంగధరుని కథను వ్రాసిన తొమ్మిదేండ్లకు, 1892లో, వారి కన్యాశుల్కము విజయనగరమున ప్రదర్శింపబడెను. ఒక దానిలో రాచకన్య, వేఱొక దానిలో పేదయింటి చిన్నది. ఒకచోట వెల రాజ్యము, వేఱొకచోట వెల రూకలు. రెండుచోట్లను పెండ్లికూతురి యిష్టమును అడిగిన దిక్కు లేదు. శాసనములలోని కుందవ, అమ్మంగదేవి, రాజసుందరులను గూడ ఎవరును అడిగియుండరు. వారి పేర్లైనను రాగిరేకులపై నిలిచినవి. చిత్రాంగిని గూర్చి పదిమార్లు విన్న మనము రాజసుందరిని గూర్చి ఒకమారైనను తెలిసికొనుట న్యాయము. ఆమె మెట్టినిల్లు మన శ్రీకాకుళపు సీమయే గదా.