యాత్రాదర్శినుల ఆయుర్దాయము

ప్రయాణికునకు త్రోవ చెప్పు పుస్తకము అచ్చుకూటము వెడలిన నాడే పాతబడ నారంభించును. అయితే అందలి విషయములన్నియు ఒకే వేగముతో పాతబడవు. ధరలు ముందుగా చెడును; తరువాత బండ్ల వేళలు, పూటకూటి ఇండ్ల పేర్లు. దూరములు చాలకాలము నిలుచును. కొండలు, ఆలయములు అన్నిటికంటె మన్నికైనవని సామాన్యముగా తలంతురు. ఈ తలంపు సగమే నిజము.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశి సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరెను. దారిపొడవునను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళకు వ్రాసిన విశేషములే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడినవి. మజిలీకిని మజిలీకిని నడుమ ఎంత దూరము, బాట యెట్టిది, నీరు దొరకునా, దిగుటకు చోటున్నదా, అంగళ్ళలో ఏమి లభించును అనునవి అందు ఓపికగా చెప్పబడినవి. వెనుక బయలుదేరువారికి అంతకంటె కావలసిన దేమి?

1856లో రాయపురమునుండి వాలాజా వైపు తొలి రైలు నడిచినది. ఇనుపదారి ఉత్తరమునకు వ్యాపించిన కొలదిని ఆ మజిలీల పట్టిక యాత్రికునకు అక్కరమాలినదైనది. విచిత్రమేమనగా, నేడు చరిత్రకారుడు ముందుగా వెదకుచున్నది ఆ పట్టికనే. క్షేత్రమాహాత్మ్యములు వేరుచోట్లను దొరకును. ఆనాటి బాటల స్థితి దొరకుట కష్టము.

శిల మాటయు అంత నిశ్చయమైనది కాదు. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. పిదప నాగార్జునసాగరము ఆ లోయను ముంచివేసినది. కొండ ద్వీపమైనది, అచ్చటి ప్రదర్శనశాలకు పడవపై పోవలెను. కొన్ని కట్టడములను అనుపు వద్ద తిరిగి నిలిపిరి. లోయలోని కాలిబాటలు చూపిన పూర్వపు పటములో అచ్చుతప్పు లేదు, తప్పినది నేల. దానిని నమ్మి నడచువాడు నీటిలో దిగవలసినదే. కాని ఏ విహారము మొదట ఎచ్చట నుండెనో ఆ పటమే చెప్పగలదు.

క్రీస్తుశకము 2వ శతాబ్దిలో పౌసానియస్ పది సంపుటములుగా వ్రాసిన గ్రీసుదేశ వర్ణనకును ఇట్టి గతియే పట్టినది. అతడు చూచిన ఆలయములలో పెక్కు కూలిపోయినవి. అయినను 1876లో ష్లీమన్ మైసీనే కోటలో సమాధులకై త్రవ్వునపుడు ఆ గ్రంథములోని మాటనే ఆధారము చేసికొనెను.

మన దేశమునకు మర్రే ప్రచురణాలయము 1859లో ఆరంభించిన కరదీపిక పద్ధతి వేరు. కూర్పు కూర్పునకు దానిని సవరించుచు పోయిరి. యాత్రికునకు ఇది మేలే. పూర్వపు కూర్పులు కూడ గ్రంథాలయములలో మిగిలినవి గనుక పరిశోధకునకును నష్టము లేదు. చేతిలోని ఫోనులో కనుపించు నేటి సమాచారమునకు ఈ వసతి తక్కువ. నిన్నటి మాటను తుడిచి దానిపై నేటి మాట వ్రాయుటయే దాని పద్ధతి. ఆలయము ఎప్పుడు తెరతురో అది చెప్పును. మండపము చూడదగిన దెందుకో చెప్పుటలో తడబడును.

తెలుగులో క్షేత్రదర్శినులు వ్రాయువారిలో పలువురు స్థలపురాణమును పాత పుస్తకమునుండి ఎత్తి, వసతి వివరములను గూడ అట్లే ఎత్తుచున్నారు. వసతిని ఏ సంవత్సరమున చూచి వ్రాసిరో ఒక్క పంక్తిలో అచ్చువేసినచో చదువరి తన జాగ్రత్త తాను పడును. పాత యాత్రాగ్రంథములను పరిష్కరించువారిది దీనికి విపరీతమైన దోషము: మూలములోని ఆమడలను కిలోమీటర్లుగాను, పాత ఊరిపేర్లను క్రొత్త పేర్లుగాను చెప్పకయే మార్చివేయుదురు. నాలుగు క్రోసులు ఆమడ యందురు. క్రోసు ఎల్లెడల ఒక్కటి కాదు. అట్టి లెక్క అడుగున సూచికలో నుండదగును గాని మూలములో గాదు. అనువాదకునకును ఇదే నియమము.