మందుకు లొంగని కణం

"మొదట్లో మందు అమృతంలా పనిచేసింది డాక్టరుగారూ! ఇప్పుడదే మందు పనిచెయ్యదేం? కల్తీదా?" రక్త కాన్సర్ వచ్చిన పిల్లల తల్లిదండ్రులు అడిగే మాట ఇది. మందు మంచిదే కావచ్చు. మారింది కణం.

మిథోట్రెక్సేట్ సంగతే చూడండి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ కంపెనీ తయారుచేసిన మందుల్లో అదొకటి. దానికి అన్నగారి లాంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిస్తే 10 మందిలో గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. ఆ గుణం నిలవలేదు. జబ్బు తిరగబెట్టింది.

ఎందుకని? కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చే ఒక ఎంజైము కావాలి. మిథోట్రెక్సేట్ ఆ ఎంజైమును అంటిపెట్టుకుని కదలనివ్వదు. కణం చస్తుంది. శాస్త్రజ్ఞులు ఎలుక కాన్సర్ కణాలను గాజుపాత్రల్లో పెంచి, ఈ మందును మొదట చిటికెడు, తర్వాత మరికాస్త, అలా నెలల తరబడి పెంచుతూ పోయారు. చాలా కణాలు చచ్చాయి. బతికినవాటిని స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం పరిశీలించి 1978లో చెప్పిందేమిటంటే, ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు వాటిలో సుమారు 200 రెట్లు పెరిగింది! ఎంజైమూ అంతే. ఇక మందు ఎన్నింటిని పట్టుకోగలదు?

ఈ విద్య కణానికి మందు నేర్పిందనుకోకండి. జన్యువు కాస్త ఎక్కువైన కణాలు అక్కడక్కడా పుడుతూనే ఉంటాయి. మందు మిగతావాటిని చంపి వాటికి చోటిచ్చింది. మరికొన్ని కణాలు ఎంజైము ఆకారమే మార్చుకుంటాయి. కొన్నయితే మందును లోపలికే రానివ్వవు.

అందుకే మేము ఒక్క మందుతో సరిపెట్టం, వేర్వేరు దారుల్లో దెబ్బతీసేవి కలిపి ఇస్తాం. నెల తిరిగేసరికి రక్తపరీక్ష బాగుంటుంది, బిడ్డ ఆడుకుంటుంది. ఇంక సూదులెందుకని కొందరు ఆస్పత్రికి రావడం మానేస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దాగిన కణాలను తుడిచెయ్యడానికి వైద్యం రెండు మూడేళ్లు సాగాలి. పూర్తిగా చేయిస్తే ఈ రోజుల్లో చాలామంది పిల్లలకు నయమవుతోంది. బలానికని ఫోలిక్ ఆమ్లం ఉన్న టానిక్కు మీ అంతట మీరు పట్టకండి.

కీళ్లవాతానికీ ఇదే మందు తక్కువ మోతాదులో ఇస్తారు, వారానికి ఒక్కసారే. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో చీటీ మీద తెలుగులో రాయించుకోండి.